ఒకే క్షణంలో ఇద్దరు

ఆసుపత్రి కంప్యూటర్ గదిలో కూర్చునే ఆయన్ని అందరూ టైము మాస్టారంటారు. టైమెంతని ఎవరడిగినా ఆయన గోడకేసి చూడరు. నుదుటి మీది కళ్ళజోడు కిందికి దించుకుని, చూపుడువేలొక్కదానితోనే డేటాబేస్‌కి ఒక ప్రశ్న టైపు చేసి, అది చెప్పిన తేదీ, సమయం సెకన్లతో సహా చదివి వినిపిస్తారు. "గోడ గడియారాలది తలో మాట, దీనిది ఒకటే మాట," అంటారు మురిపెంగా. పిల్లలు పుట్టిన సమయాన్ని కూడా అదే వేసుకునేలా ఏర్పాటు చేసింది ఆయనే.

మొన్నొక పొద్దున కొత్తగా పుట్టిన పాపల అమ్మమ్మ, నాయనమ్మ పోట్లాడుకుంటూ ఆ గదిలోకి వచ్చారు. పాపలు కవలలు, ఆసుపత్రి ఇచ్చిన కాగితంలో మాత్రం ఇద్దరిదీ ఒకే సమయం. తన పోలిక వచ్చిన పాపే అక్కని ఈవిడ, కాదు తన పోలికదేనని ఆవిడ. "డేటాబేస్ అబద్ధమాడదమ్మా," అన్నారాయన. "అయితే ఇద్దరూ చేయీ చేయీ పట్టుకుని వచ్చారంటావా నాయనా?" అంది నాయనమ్మ. మాస్టారు గతుక్కుమన్నారు. వెతికితే సంగతి బయటపడింది. నర్సు ఇద్దరి వివరాలూ కలిపి ఒక్కసారే ఎక్కించింది. డేటాబేస్ ఆ ఎక్కించిన సమయాన్నే ఇద్దరికీ పంచేసింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తిన్నగా వార్డుకి వెళ్ళి, తల్లినే అడిగారు.

"మొదట ఏడ్చింది ఇదండీ," అందామె కుడిపక్క పాపని చూపిస్తూ. "అదేమో నన్ను ఇంకో అరగంట ఏడిపించి మరీ వచ్చింది."

"అయితే అరగంట తేడా రాసుకోనా అమ్మా?"

"రాసుకోండి. రేపు పోట్లాటల్లో 'నేన్నీకు అక్కని' అని గద్దించడానికి దీనికి ఆమాత్రం చాలు."