మధ్యలో నా గొంతు

ఫ్యాను కింద కూర్చుని చేసే ఉద్యోగమని మా సబ్బవరం చుట్టాలు నన్ను చూసి తెగ కుళ్ళుకునేవారు. ఏం సుఖమో నాకే తెలుసు! డెబ్బైల్లో, ఊరూరికీ ఫోన్లు కలిపే విశాఖ ట్రంకు ఎక్స్ఛేంజిలో స్విచ్‌బోర్డు నాది. ఇక్కడి తీగ తీసి అక్కడి కన్నంలో గుచ్చి ఇద్దర్ని కలపాలి. కలవకపోతే తిట్లన్నీ నాకే. "లైను దొరకలేదండీ, కాస్త ఆగండి" అని నిద్రలో కూడా పలవరించేదాన్ని.

దూరపు లైన్లలో ఒక్కోసారి ఆ చివర మాట ఈ చివర వినిపించేది కాదు. మధ్యలో ఉన్న మాకు మాత్రం రెండు వైపులా వినపడేది. అప్పుడు మేమే మాట అందించేవాళ్ళం. అటువాళ్ళు "నేను" అంటే మేమూ "నేను" అనే అనాలి. పెళ్ళి కుదిరిందని చెబితే దీవెనలన్నీ నాకే వచ్చేవి.

ఓ తుపాను తర్వాత యారాడ జాలరిపల్లె నుంచి తల్లి ఒకామె పోస్టాఫీసులో ఒరిస్సా పారాదీప్‌కు ఫోను పెట్టుకుంది. ఆమె కొడుకు అక్కడికి చేపల వేటకెళ్ళాడు. పడవ యజమానిని అక్కడ ఫోనున్న ఓ కొట్టుకు పిలిపించారు. తీరా లైను కలిస్తే ఇద్దరికీ గరగరే.

"మా పిల్లడు ఒడ్డుకొచ్చీసినాడేటి? అడుగు తల్లీ!"

అడిగాను. అతను చెప్పింది విన్నాను. అతని మాటల్లోనే ఆమెకు చెప్పక తప్పుతుందా?

"నానే మీవోణ్ణి ఒడ్డుకి లాగినాను. పేణం నేదమ్మా. నానే ఇక్కడ కప్పెట్టీసినాను."

ఆమె వైపు ఫోను కింద పడిన చప్పుడు. పాడు ఉద్యోగం! ఆ రోజు అన్నం సహించలేదు.

ఎనభైల్లో డయలు తిప్పితే ఏ ఊరైనా పలికే రోజులొచ్చాయి. మా బోర్డులు తుక్కుకు పోయాయి, నన్ను బిల్లుల కౌంటరుకు వేశారు. ఓ ఆదివారం వీధిలో చేపల గంప దింపించి బేరమాడుతుంటే, అమ్మే ముసలామె ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుంది.

"ఆ పోనులో గొంతు నీదే కదేటమ్మా? పారాదీప్ కబురు సెప్పినావు. ఆడి మొకం ఎలాగున్నాదో ఆవేళ అడగనేదు నాను. ఇంకోపాలి అడుగు తల్లీ."

నాకు ఏడుపు ఆగలేదు. అడుగుతానని మాటిచ్చేశాను. మర్నాడే డయలు తిప్పాను. ఆ కొట్టు లేదు. ఆ యజమాని ఎక్కడున్నాడో చెప్పే దిక్కూ లేదు.

ఆమె మాత్రం ప్రతి ఆదివారం వస్తుంది. గంప దించకుండానే అడుగుతుంది.

"లైను కలిసినాదేటి?"

"దొరకలేదమ్మా, కాస్త ఆగు," అంటాను.