రెండు మెట్లు పైన

పన్నెండేళ్లుగా ఒక అంకెను మోస్తున్నాను. రెండు. అంతే. అంకెకు బరువేముంటుందని మీరు నవ్వొచ్చు. మొదట్లో నేనూ నవ్వుకున్నాను. ఇప్పుడు ప్రతి కార్యక్రమంలో పాట ఎత్తుకునే ముందు నా వేళ్లు ఒక్క క్షణం ఆగిపోతున్నాయి, ఎందుకాగాయని పక్కవాళ్లు అడుగుతున్నారు, నేను ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటున్నాను. నా భార్యకు కూడా ఇది తెలియదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఇద్దరికీ అదే మంచిది.

నేను కీబోర్డు వాయిస్తాను. అప్పుడు మా పాటల బృందంలో నలుగురం కుర్రవాళ్లం, మా ముందు నిలబడి పాడేది డెబ్బై దాటిన ఒక ముసలాయన. పేరు రాయను. మేమందరం తాత అనేవాళ్లం. వయసులో ఉన్నప్పుడు సాంచెల మీద బట్ట నేసేవాడు. ఆ మరమగ్గాల మోతలో పక్కవాడికి వినపడేలా పాడి పాడి గొంతు పెద్దదైందని చెప్పేవాడు. తర్వాత దుబాయ్ పోయాడు. అక్కడ ఉండగానే వాళ్లమ్మ చనిపోయింది. రాలేకపోయాడు. తిరిగొచ్చాక ఆమె మీద ఒక పాట కట్టాడు. మా వైపు అమ్మను అవ్వ అంటారు. చివరి చరణంలో ‘నువ్వు పిలిస్తే నేను రాలే అవ్వా’ అంటూ ‘అవ్వా’ దగ్గర గొంతును పైకి, ఇంకా పైకి తీసుకెళ్లి అక్కడే నిలబెట్టేవాడు. ఆ పాట ఆయనకు పాట కాదు. చేయలేకపోయిన కర్మ. ప్రతి ఊళ్లో మళ్లీ చేసుకునేవాడు. గల్ఫ్‌లో మనిషి లేని ఇల్లు అరుదు కదా మా వైపు. ఆ మాట దగ్గర సభంతా ఏడ్చేది.

పాటకు ముందు తంబూర భుజానికి ఆనించి, నా వైపు తిరిగి, ‘ఏదీ, జర నీ పెట్టెల సా ఇయ్యి’ అనేవాడు. నేను ఇచ్చిన సా పట్టుకుని తీగలు బిగించుకునేవాడు. నేను ఏది ఇస్తే అదే ఆయన శ్రుతి. మారు మాట అనేవాడు కాదు.

కీబోర్డులో ఒక మీట ఉంటుంది. నొక్కితే నా వేళ్లు ఉన్నచోటే ఉంటాయి, శ్రుతి మాత్రం ఒక్కో మెట్టు జరుగుతుంది. ఎన్ని మెట్లు జరిగిందో చిన్న తెర మీద అంకె కనిపిస్తుంది.

మెట్‌పల్లిలో మధ్యాహ్నం సభ. తాతకు ముందు ఒక అమ్మాయి పాడింది. ఆమె కోసం రెండు మెట్లు పెంచాను. తర్వాత దించడం మరిచాను. నిజంగానే మరిచాను. ఈ కథ మొత్తంలో నాకు నమ్మకమున్న మాట ఇదొక్కటే. చివరి చరణం వచ్చింది. ‘అవ్వా’ దగ్గర తాత గొంతు చీలిపోయింది. ఒక్కసారి కాదు, రెండుసార్లు. వెంటనే నేను అందుకుని ఆ మాటను పైన నిలబెట్టాను. ఈలలు పడ్డాయి. ప్యాడ్ వాయించేవాడు నా వైపు చూసి కన్ను కొట్టాడు.

తెర మీద రెండు చూసింది గొంతు చీలకముందా, చీలాకా? ఒక్కో రోజు ఒక్కోలా గుర్తొస్తుంది. ముందే చూసినా పాట మధ్యలో దించలేను, ఆయన తంబూరతో కలవదు. అది నిజమే. కానీ ఆ నిజాన్ని నేనెందుకు ఇన్నిసార్లు నెమరేసుకుంటున్నాను?

సభ అయ్యాక టెంపో నీడలో కూర్చుని చాయ్ తాగుతున్నాం. తాత గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగడం లేదు.

‘గొంతు గిట్లెందుకైందిరా?’ అన్నాడు.

నేను నా చాయ్ ఊదుకుంటున్నాను.

‘శ్రుతి గదే ఇచ్చినవ్ గదా బిడ్డా?’

‘గదే తాతా. వయసు మీద వడ్తుంది గదా నీకు. ఫికర్ చెయ్యకు.’

‘గంతే అయ్యుంటది’ అన్నాడు. చాయ్ పారబోశాడు.

ఆడలేక మద్దెల ఓడు అంటారు లోకంలో. ఇక్కడ నిజంగా మద్దెలే ఓడు. ఆ మనిషి మాత్రం తన కాళ్లనే తిట్టుకున్నాడు.

ఇంతవరకైతే పొరపాటు, దాని మీద ఒక అబద్ధం. ఇంతవరకైతే ఈ పాటికి ఎవరికో ఒకరికి చెప్పి నవ్వేసేవాణ్ణేమో. నాలుగు రోజుల తర్వాత ఖానాపూర్ వెళ్లాం. అక్కడ ఆ అమ్మాయి లేదు. పైగా ఆ కీబోర్డును ఆపి మళ్లీ వేస్తే అంకె దానంతటదే సున్నాకు వచ్చేస్తుంది. అంటే ఖానాపూర్‌లో నా వేలే నొక్కింది. రెండుసార్లు. నొక్కిన చప్పుడు గుర్తుంది. మనసులో ఏముందో గుర్తు లేదు. ఆ రోజు ఆయన బాగా పాడితే మెట్‌పల్లి తప్పు నాదని తెలిసిపోతుందని భయపడ్డానా? ఆ ఈలలు మళ్లీ కావాలనుకున్నానా? వయసు మీద పడిందని నేను చెప్పిన మాటను నిజం చేయాలనుకున్నానా? మూడూ నావే అనిపిస్తాయి. ఏదీ నాది కాదనీ అనిపిస్తుంది. నేను ఆయన్ని ప్రేమించాను, ఇది మాత్రం అబద్ధం కాదు, కానీ ప్రేమించినవాడి వేలు ఆ మీట మీదికి ఎలా పోయింది?

ఆ రోజు నేనిచ్చిన పై శ్రుతికి తంబూర బిగిస్తుంటే తీగ తెగింది. తాత దాన్ని చేతిలోకి తీసుకుని ‘పాతదైంది, నా లెక్కనే’ అని నవ్వాడు. తీగ నిజం చెప్పింది. నేను చెప్పలేదు. ఇంకో తీగ తెచ్చిచ్చాను.

సుల్తానాబాద్‌లో కూడా నొక్కాను. అక్కడ తాత చివరి చరణం దాకా పోనేలేదు. మధ్యలో ఆగి, సభకు దండం పెట్టి, ‘ఇగ నాతోని కాదు, గీ పిలగాడు పాడుతడు’ అని మైకు నా చేతిలో పెట్టాడు. నేను తీసుకున్నాను. పాడాను. బాగా పాడాను. అది కూడా చెప్పాలి కదా.

ఆయన మళ్లీ ఎక్కడా పాడలేదు. ఈ పన్నెండేళ్లలో ఆ పాట నాదైపోయింది. జనం నన్నే అడుగుతున్నారు. ఎవరైనా ‘శ్రుతి’ అన్నా చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటాను.

పోయిన నెల ఒక పొద్దున వాళ్ల ఊరి మీదుగా పోతూ ఆయన్ని చూద్దామని ఆగాను. గోడ అవతల మక్క కంకులు ఒలుస్తూ పాడుకుంటున్నాడు. ‘అవ్వా’ వచ్చింది. పైకి పోయింది. నిలబడింది. ఎనభై దాటిన గొంతు, కొంచెం వణికింది గానీ చీలలేదు. అది ఆయన పాత శ్రుతే. నా చెవులకు ఆ మాత్రం తెలుసు. గేటు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఏడుపొచ్చింది.

నన్ను చూసి సిగ్గుపడ్డాడు. ‘ఊకెనే ఇంట్ల అనుకుంట. గంత పైకి ఇప్పుడు యాడైతది?’ అన్నాడు. తర్వాత పక్కింటాయనకు నన్ను చూపిస్తూ గర్వంగా చెప్పాడు. ‘గొంతు వొయినంక గూడ పాడి నవ్వులపాలైనోళ్లను శానమందిని చూసిన. నేను ముందుగాల్నే తెలుసుకున్న. ఇగో, గీ పిలగానికి అప్పజెప్పిన.’

ఇప్పుడు నిజం చెబితే ఆయనకు గొంతు తిరిగొస్తుందా? ఈ గర్వం కూడా పోతుందా? చెప్పకుండా ఆగింది ఆయన కోసమా, నా కోసమా? తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. చాయ్ ఇస్తే తాగి వచ్చేశాను.

ఆయనకు చూపు ఆనదు, ఇది చదవడు. చదివి వినిపించే ధైర్యం నాకు లేదు. మీరు నన్ను క్షమించినా ఉపయోగం లేదు, ఆ గొంతు మీది కాదు. కానీ టెంపో నీడలో ఆయన నన్ను అడిగింది ఒక్కటే ప్రశ్న. దానికి జవాబు ఎక్కడో ఒక చోట పెట్టాలి. ఇక్కడ పెడుతున్నాను. రాస్తుంటే ఊపిరి కొంచెం ఆడుతోంది.

కాదు తాతా. శ్రుతి గది కాదు. రెండు మెట్లు పైనుండె. నేనే పెట్టిన.