అమ్మ పాదానికి రాసిన మందు

అమ్మ పోయాక చీరలు చెల్లెలూ నేనూ పంచుకున్నాం. మందులు పారేయమని దానికి చెప్పి నేను గుంటూరు వచ్చేశాను. అది పారేయలేదు. అందులో ఒక ఆయింట్‌మెంట్ ఉంది. అమ్మ పాదం మీద చర్మం మందంగా నల్లబడి దురద పెట్టేది. ఎగ్జిమా అని డాక్టరు దానికి రాసిచ్చారు. చెల్లెలు ఆ మందును తన ముఖానికి రాసుకోవడం మొదలుపెట్టింది.

ఏమీ తెలియని మనిషైతే ఊరుకునేదాన్ని. ప్రత్తిపాడులో ఇంటి ముందుగదిలో అది బ్యూటీ పార్లర్ నడుపుతుంది. ఎవరొచ్చినా ముందు ముఖం కడిగించి, ఏమీ రాయకుండా కాసేపు కూర్చోబెడుతుంది. తర్వాత టిష్యూ కాగితం అద్ది వెలుతురులో పెట్టి చూస్తుంది. అంతటా నూనె అంటితే జిడ్డు చర్మం. ఎక్కడా అంటక, ముఖం లాగినట్టుంటే పొడి చర్మం. నుదురూ ముక్కూ మాత్రమే అంటితే రెండూ కలిసిన రకం. మొటిమలున్న ముఖాన్ని రుద్దదు. మంగు మచ్చలకు బ్లీచ్ చేయమంటే చేయదు, ఎండలో జాగ్రత్తగా ఉండమని చెప్పి పంపేస్తుంది. ఊరందరి ముఖాలూ ఇంత శ్రద్ధగా చూసే మనిషి తన ముఖానికి పాదం మందు పూసుకుంది.

ఎందుకని అడిగితే, పెద్దకర్మ అయ్యాక బుగ్గలు పొడిబారి మండాయని, చేతికి అదే దొరికిందని చెప్పింది. రోజూ సాయంత్రం అమ్మ పాదానికి రాసింది తనే. ఆ పని లేకపోయేసరికి చెయ్యి ఊరుకోలేదంది.

మొదట ముఖం నునుపు తేలి, రంగు వచ్చింది. పార్లర్‌కు వచ్చినవాళ్ళు ఏం రాస్తున్నావని అడిగారు. చెల్లెలు ఆ మందు పేరు చెప్పింది.

ఈలోగా మిరప కోతలు మొదలయ్యాయి. కల్లాల్లో కాయలు ఎండుతుంటాయి. ఆడవాళ్ళు తొడిమలు తీసిన చేత్తోనే చెమట తుడుచుకుంటారు. ఆ రోజుల్లో మా వైపు ముఖం మండటం జబ్బు కాదు. మంటంటే మిరప ఘాటే, ఇంకో కారణం ఉంటుందని ఎవరికీ తోచదు. చెల్లెలు ఒక పూట మందు మానితే ముఖం మండేది. ఘాటే అనుకుని మళ్ళీ రాసేది. చల్లబడేది. అమ్మ ట్యూబు అయిపోతే ఖాళీది చూపించి మందుల షాపులో కొత్తది తెచ్చుకుంది. చీటీ ఎవరూ అడగలేదు.

మూడో మాసికానికి వెళ్ళినప్పుడు చూశాను. బుగ్గల చర్మం పలచబడి, ఎర్రని నరాలు దారాల్లా కనిపిస్తున్నాయి. భోజనానికి వచ్చిన చుట్టాల్లో ఒకావిడ మజ్జిగ పూయమంది, ఒకావిడ వేపాకు నూరమంది. దిగులు వేడి చేసిందని ఇంకొకావిడ తేల్చింది. వడ్డిస్తూ అందరికీ తలూపాను. వాళ్ళు వెళ్ళాక దాన్ని అడిగాను.

"ఘాటుకే అక్కా. కోతలైపోతే తగ్గుద్ది."

"నువ్వు కల్లంలో అడుగే పెట్టవు కదే."

"గాల్లో వస్తుందిగా."

మర్నాడు గుంటూరు చర్మం డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళినంత పని చేశాను. ఆవిడ ట్యూబు చూసి, ఇది స్టెరాయిడ్ అంది. పాదం మీది మందపు చర్మానికి కొన్నాళ్ళు వాడాల్సింది, ముఖానికి రోజూ రాస్తే చర్మం పలచబడుతుందని, మానితే మంట తిరగబెడుతుందని చెప్పింది. కొన్ని వారాలు ఎర్రగానే ఉంటుంది, ఓర్చుకోవాలి, ఎండా దుమ్మూ తగలనివ్వకూడదు, ఆవిరి పట్టకూడదు. తిరుగు బస్సులో చెల్లెలు తన ముఖాన్ని పట్టించుకోలేదు. ఎవరెవరికి ఆ మందు చెప్పిందో గుర్తు తెచ్చుకుంటూ కూర్చుంది.

నేను పాఠాలు చెప్పే కాలేజీకి సెలవు పెట్టి దానికి తోడుగా ఉండిపోయాను. రెండోనాడు తొడిమలు తీసే పనికి వెళ్ళే ఒకామె కనుబొమలు చేయించుకోవడానికి వచ్చింది. బుగ్గలు మెరుస్తున్నాయి. చెల్లెలు ముఖానికి చుట్టుకున్న చున్నీ తీసేసింది.

"ఇటు చూడు. నీకు చెప్పిన క్రీమే ఇంత చేసింది. రాయబాక. డాక్టరుకి చూపించుకో."

"నీకు పడలేదేమో వదినా. నాకు బానే ఉందిగా. మా మరిది పెళ్ళయ్యాక మానేస్తాలే."

"రాయని రోజు మండుద్దా?"

"మండుద్ది. మా కల్లంలో అందరికీ మండుద్దిగా."

"అందరూ అదే రాస్తున్నారా?"

"మరి? నువ్వు చెప్పావనేగా."

చెల్లెలు ఆమె కనుబొమలు చేసి పంపేసి, పార్లర్‌కు తాళం వేసింది. ఎక్కడికన్నాను. కల్లానికంది. ఎండ వద్దన్నారు, దుమ్ము వద్దన్నారు, అక్కడ ఉండేది ఆ రెండే. ఫోన్లు చేయమన్నాను. చున్నీ అయినా చుట్టుకోమన్నాను.

"చుట్టుకుంటే వాళ్ళకేం కనపడుద్దక్కా?" అంటూ మెట్లు దిగింది.

చెబితే వినే వయసు కాదు, చెప్పకుండా ఉండే ఓపిక నాకు లేదు. గొడుగు తీసుకుని, దాని మీద పట్టి, విసుక్కుంటూనే పక్కన నడిచాను.