కాలరక్క కుట్టిన చొక్కా

బట్టల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ కాలరక్క అంటారు. పదహారేళ్లుగా ఆమె కుట్టింది కాలర్లే. ఎడమపక్క నుంచి గుడ్డముక్కల కట్ట వస్తుంది, కుట్టాక కుడిపక్కకు పోతుంది. ఆ కాలరు ఏ చొక్కాకు ఎక్కిందో, ఆ చొక్కా ఎవరి ఒంటి మీద తిరుగుతోందో ఆమెకు అనవసరం. రోజుకు మూడు వందల కాలర్లు. సూపర్‌వైజరు భూతద్దం పెట్టి చూసినా వంక దొరకదు.

పెళ్లికి ముందు పెద్దమ్మ దగ్గర రెండేళ్లు కుట్టుపని నేర్చుకుంది. అప్పట్లో నిండు చొక్కాలే కుట్టింది. అందుకే ఎవరైనా అడిగితే "టైలర్ని" అనేదే గానీ, "కాలర్లు కుడతాను" అని చచ్చినా అనేది కాదు. ఎప్పటికైనా సొంత కొట్టు పెట్టుకుంటానన్న ఆశతోనే ఆ స్టూలు మీద ఇన్నేళ్లు గడిపింది. ఆశకేం, తిండి పెట్టకపోయినా పెరుగుతుంది.

వీధి మలుపులో టైలరు మాస్టారి కొట్టుంది. ఆయనకు చూపు మందగించింది. సూదిలో దారం ఎక్కించమని దారినపోయేవాళ్లను పిలుస్తుంటాడు. ఒకరోజు ఆమెను పిలిచాడు.

"కొట్టు తీసేస్తున్నానమ్మా. ఫోన్లు బాగుచేసేవాడు అడుగుతున్నాడు. నువ్వు తీసుకుంటానంటే వాడికి లేదని చెప్పేస్తా. మిషన్లూ నీవే, గిరాకీ నీదే."

"నిజంగానా మాస్టారూ?"

"అబద్ధమాడి నేనేం బావుకుంటాను? కాకపోతే ఒక్క చొక్కా కుట్టి పట్టుకురా. నన్ను నమ్మి వచ్చేవాళ్లను నీకు అప్పగించాలి కదా. కళ్లు పోయినా వేళ్లున్నాయి, చూడగలను. ఆదివారం దాకా ఆగుతాను."

ఇంట్లో భర్తకు చెప్పింది. మందుల గోదాములో పెట్టెలు మోసే ఆ మనిషి నోట మాట రావడమే గొప్ప. "నీ ఇష్టం" అన్నాడు. ఆమెకు అదే కొండంత అండ. ఫ్యాక్టరీకి మూడు రోజులు సెలవు పెట్టి, గుడ్డ తెచ్చి, భర్త కొలతలకే చొక్కా మొదలుపెట్టింది.

మొదలుపెట్టడంలోనే ఉంది అసలు సంగతి. గుడ్డ పరిచీ పరచగానే కత్తెర దానంతటదే కాలరు మీదికి పోయింది. టేపు ఇంకా ఆయన మెడ దాకా వెళ్లనే లేదు, ఫ్యాక్టరీ కొలతకు కాలరు తయారై కూర్చుంది. ఎంత ముచ్చటగా కుదిరిందంటే, దాన్ని పాడుచెయ్యడానికి మనసొప్పక, మిగతా చొక్కాను దానికి తగ్గట్టు అమర్చబోయింది. గుండీ దొరికిందని కోటు కుట్టించుకున్నవాడికి ఈవిడ అక్క అన్నమాట. భుజాలు జారాయి. చొక్కా చేతులు చంకల దగ్గర మొరాయించాయి. మూడుసార్లు విప్పింది, నాలుగోసారి కుట్టింది.

భర్తకు తొడిగి చూస్తే మెడకూ కాలరుకూ మధ్య పిడికిలి పట్టేంత ఖాళీ. చెయ్యెత్తితే చొక్కా బొడ్డు దాటి పైకి లేస్తోంది.

"నా మెడ మరీ సన్నం లేవే" అన్నాడాయన. ఆమె నవ్వబోయింది గానీ ఏడుపొచ్చింది.

ఇంకో చొక్కాకు రోజుల్లేవు. ఆదివారం అదే పట్టుకెళ్లింది. మాస్టారు ముందు కాలరు తడిమాడు. ముఖం వెలిగిపోయింది.

"అబ్బ! నలభై ఏళ్లలో ఇలాంటి పని నా చేతికి తగల్లేదు. నువ్వేనా?"

"నేనే మాస్టారూ."

వేళ్లు భుజాల మీదికి జారి చంక దగ్గర ఆగాయి. అక్కడే చాలాసేపు తచ్చాడాయి.

"మరి మిగతాది ఎవరి చేత కుట్టించావు?"

నేనే అని చెప్పడానికి ఆమెకు సిగ్గు అడ్డొచ్చింది.

"మా చెల్లెలండీ. ఇప్పుడిప్పుడే నేర్చుకుంటోంది."

"ఇంకా రెండేళ్లు పడుతుందమ్మా. దిగులు పడొద్దని చెప్పు." ఆయన చొక్కా మడిచి ఇచ్చాడు. "సరే, కొట్టు సంగతేం చేద్దాం?"

"నాకు కుదరదు మాస్టారూ. ఫ్యాక్టరీ వాళ్లు వదలం అంటున్నారు."

"ఎలా వదులుతారు, ఇలాంటి చెయ్యిని!" అన్నాడాయన, నిజంగానే మెచ్చుకుంటూ.

ఆమె ఇంటికొచ్చేసరికి భర్త గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"ఏమన్నాడు?"

"నేనే వద్దని వచ్చేశాను."

"బతికించావే!" అంటూ ఆయన అక్కడే గడప మీద కూలబడ్డాడు. "అది నీ వల్ల కాదని చెప్పలేక చచ్చాను. మూడు రోజులుగా నాకు అన్నం సహించలేదు."

ఆయన ముఖంలో అంత సంతోషం ఆమె చాలాకాలంగా చూడలేదు. చొక్కాను వెనక్కి దాచుకుంటూ, పదహారేళ్లుగా తనను టైలరని నమ్మింది తానొక్కతేనని ఆమెకు అర్థమైంది.