రెండో వర్గమూలం

అమీర్‌పేటలో జిరాక్స్ షాపు ముందు నిలబడితే, అప్పుడే మిషన్లోంచి వచ్చిన కాగితాల వేడి వాసనకు నాన్న గుర్తొస్తాడు. ట్యూషన్ కాగితాలు అక్కడే తీయించేవాడు. ఆయాసం వల్ల నేను బడికి పోలేదు. పంజగుట్టలో మా ఇంట్లోనే నాన్న చదువు చెప్పాడు. సాయంత్రం వచ్చే ఇంటర్ పిల్లల పక్కన చాప మీద కూర్చోవాలని నాకు మహా ఆశ.

"దీనికి వర్గమూలం తియ్యి, కూసుందువు" అని ఓ రోజు వాళ్ల ముందే పలక మీద 3+4i అనే సంకీర్ణ సంఖ్య రాసిచ్చాడు.

ప్రార్థన చెయ్యనిదే పలక పట్టే అలవాటు లేదు మాకు. కళ్లు మూసుకుని, జవాబు ఇమ్మని దేవుణ్ణి వేడుకున్నాను. తర్వాత నాన్న నేర్పినట్టే మూలాన్ని a+bi అనుకుని, వర్గం చేసి పోల్చాను. 2+i వచ్చింది.

"ఇంకోటేది?" అన్నాడు నాన్న.

తప్పు చేశాననుకుని గౌను అంచుతో తుడిచేశాను. "దేవుడు గిదే ఇచ్చిండు నాన్నా" అన్నాను ఏడుపు గొంతుతో.

"సార్, గా దేవుణ్ణి పరీక్షల మాకు సుత ఇయ్యమనుండ్రి!" అందో అమ్మాయి. అందరూ నవ్వారు.

నాన్న నవ్వలేదు. 2+i మళ్లీ రాసి, కింద -2-i రాశాడు. "దీన్ని సుత వర్గం చేసి చూడు."

చేశాను. అదే 3+4i.

"దేవుడు రెండిచ్చిండు బిడ్డా. ఒకటి దొరకంగనే నువ్వు ఆగినవ్." పిల్లల వైపు తిరిగాడు. "జర జరుగుండ్రి, కూసుంటది."

బడి ఇమ్మని చిన్నప్పుడు రోజూ దేవుణ్ణి అడిగేదాన్ని. ఇవ్వలేదనే అనుకున్నాను. ఆ చాప ఇచ్చాడని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.