విమానం గారి పనిముట్ల లెక్క

'సివిల్ వాళ్ళు' అనే మాట విమానం గారు పలుకుతుంటే చూడాలి. భోంచేస్తున్న మనిషికి పంటి కింద రాయి తగిలితే మొహం ఎలా పెడతాడో, అచ్చం అలా పెట్టేవారు. ఆ మాటలోకి కూరగాయలమ్మేవాడి దగ్గర్నుంచి కంపెనీ ఓనరు దాకా, సొంత బావమరిదితో సహా అందరూ వచ్చేస్తారు. యూనిఫాం వేసుకోని మనిషంటే ఆయన దృష్టిలో సగం చేసి వదిలేసిన పని.

విమానం ఆయన పేరు కాదు. వర్క్‌షాపు వాళ్ళు వెనకాల పెట్టుకున్న పేరు. నోరు తెరిస్తే 'మా విమానాల్లో అయితేనా' అని మొదలుపెట్టే మనిషికి వాళ్ళు మాత్రం ఇంకేం పేరు పెడతారు? పద్దెనిమిదో ఏట వైమానిక దళంలో చేరారు. ఇరవై ఏళ్ళు యుద్ధవిమానాల పొట్టల్లోకి దూరి రేడియోలు, రాడార్లు బాగుచేసి, ముప్ఫై ఎనిమిదికి బయటికొచ్చారు. చేతిలో పని గొప్పదే, అందులో అబద్ధం లేదు. నోటితోనే వచ్చింది చిక్కంతా.

బయట మొదటి ఉద్యోగం టీవీల సర్వీస్ సెంటర్లో. అది పంతొమ్మిది రోజులు సాగింది. ఇరవయ్యో రోజు ఒక కస్టమరుకు టీవీ విప్పి చూపించి, "ఈ బోర్డు తయారుచేసినవాణ్ణి జైల్లో పెట్టాలండీ" అన్నారు. కస్టమరు ఆ మాట తీసుకెళ్ళి మేనేజరు చెవిలో వేశాడు. రెండోది లిఫ్టుల కంపెనీ. లిఫ్టు తనిఖీ కార్డు నింపలేదని ఆరంతస్తుల ఆఫీసు లిఫ్టు ఆపేసి, కార్డు నింపాల్సినవాడు మెట్లెక్కి రొప్పుకుంటూ వచ్చేదాకా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆ సాయంత్రానికే ఇంటికి పంపేశారు.

మూడోది ఈ వర్క్‌షాపు. ఆసుపత్రుల్లో రోగులకు ఊపిరి అందించే మిషన్లు ఇక్కడికి రిపేరుకొస్తాయి. "విమానాలు సరే, మా మిషన్లు ఎప్పుడైనా ముట్టుకున్నారా?" అని అడిగాడు ఓనరు. "మీ మిషన్ ఆగితే పక్కన డాక్టరుంటాడు. మా మిషన్ ఆగితే పక్కన మబ్బులుంటాయి" అన్నారు ఈయన. ఓనరు నవ్వి, ఆరు నెలలు చూసి ఉద్యోగం ఖాయం చేస్తానన్నాడు.

ఆ సంగతి విని భార్య సంతోషపడలేదు. "నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మీకు ఇప్పటికే రెండు ఊళ్ళు పోయాయి. ఇది కూడా పోతే నాలుగో ఉద్యోగం నేను వెతకను. ఆకాశంలో మీరే వెతుక్కోండి" అంది.

విమానం గారు నోరు కట్టేసుకుని చేరారు. చేరిన రోజే ఆ నోరు తెరుచుకోబోయింది. రేకుల కప్పు కింద పొడుగాటి హాలు, మూడు బల్లలు, పనిముట్లన్నీ కలిపి ఒక పాత రంగుడబ్బాలో. ఫోర్మన్ అందులో చెయ్యి పెట్టి కలియబెట్టి, కావలసింది దొరక్కపోతే దొరికినదానితోనే పని కానిచ్చేవాడు. స్క్రూడ్రైవరు బదులు నాణెంతో మర బిగించడం ఈయన కళ్ళారా చూశారు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం సరిగ్గా తినలేదు.

వారం తిరక్కుండా గోడకు ఒక చెక్కబోర్డు లేచింది. పసుపు రంగు పూసి, నలభై రెండు పనిముట్లను ఒక్కొక్కటిగా దానిమీద ఆనించి, చుట్టూ నల్లగీత గీశారు. ఏది లేకపోయినా దాని గీత ఖాళీగా నోరు తెరుచుకుని కనబడుతుంది. దళంలో అదే పద్ధతి. ఒక చిన్న టార్చిలైటు మూత కనబడలేదని పూట మొత్తం విమానాలు ఎగరకుండా ఆపేసి, యూనిట్ అంతా భుజం భుజం ఆనించి గడ్డిలో వెతికిన రోజు ఆయనకు ఇప్పటికీ గర్వమే. పనిముట్టు దొరకలేదంటే అది విమానం లోపలే ఉందని అర్థం. ఊపిరి మిషన్లోనూ అంతే. లోపల ఒక ఇనప ముక్క కదిలి ఫ్యానుకు అడ్డం పడితే, దానిమీద ఆధారపడ్డ ప్రాణం పోతుంది.

బోర్డుతోపాటు ఒక రిజిస్టరు కూడా పెట్టారు. తేదీ, లెక్క, లెక్కపెట్టినవారి సంతకం, సరిచూసినవారి సంతకం. మనిషి కళ్ళు తను చూడాలనుకున్నదాన్నే చూస్తాయి కాబట్టి దళంలో ఎవడూ ఒంటరిగా లెక్కపెట్టడు. అయితే ఇక్కడ సరిచూడ్డానికి మనిషేడీ? నాణెంతో మరలు బిగించే ఫోర్మనా? పగలంతా ఫోన్‌లో తలదూర్చే మెకానిక్కులా? అట్టపెట్టెలకు టేపు అంటించి, హాలు ఊడ్చే ప్యాకింగ్ అక్కా? వీళ్ళ సంతకం తన సంతకం పక్కన పడటమా? ఆ రెండో సంతకం గడిని విమానం గారు రోజూ ఖాళీగానే వదిలేశారు. మధ్యాహ్నం భోజనానికి వెళ్ళేటప్పుడు మాత్రం గుమ్మంలో నిలబడి, అందరి జేబులూ తడిమి పంపేవారు.

ఇంట్లోనూ ఇదే భాగవతం. వంటగది గోడమీద సుత్తి, కత్తెర, పట్టకారు, చివరికి గరిటెల చుట్టూ కూడా నల్లగీతలే. వాటిలో ఒక్క గీత ఏడాదిగా ఖాళీ. మోకాలిలా వంగిన ఇనప పుల్ల, అలెన్ కీ అంటారు, దాన్ని బావమరిది మంచం బిగించుకుంటానని పట్టుకెళ్ళి పారేశాడు. ఆ ఖాళీ గీత కనబడినప్పుడల్లా విమానం గారు భార్య పుట్టింటివాళ్ళ క్రమశిక్షణ గురించి నాలుగు మాటలు మాట్లాడకుండా మంచినీళ్ళు తాగేవారు కారు.

ఆరు నెలలు నిండిన రోజు వచ్చింది. నాలుగింటికి ఓనరు ఉద్యోగం ఖాయం చేసే ఉత్తరం ఇస్తానన్నాడు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొస్తే భార్య ఆయన చొక్కా చూసి, "ఈ గ్రీజు మరకలతోనా ఉత్తరం తీసుకునేది?" అని బలవంతంగా ఉతికిన చొక్కా తొడిగి పంపింది. రెండున్నరకు పదకొండు మిషన్లు పెట్టెలకెక్కాయి. మూడింటికి లారీ వస్తుంది. విమానం గారు చివరిసారి బోర్డు చూశారు. మూడు మిల్లీమీటర్ల అలెన్ కీ గీత ఖాళీగా ఉంది.

"లారీ ఆపండి" అన్నారు.

బల్లల కింద, సొరుగుల్లో, చెత్తబుట్టలో వెతికించారు. అందరి జేబులూ తిప్పించారు. ప్యాకింగ్ అక్క, "నాకు జేబుల్లేవు సార్, సంచి చూసుకోండి" అంది. ఈయన చూశారు. దువ్వెన, రెండు పిన్నీసులు, తలనొప్పి మాత్రలు, ఖాళీ టిఫిన్ డబ్బా బల్లమీద పడ్డాయి. ఆమె ఒక్కొక్కటే మళ్ళీ లోపల సర్దుకుంది. తర్వాత సీలు వేసిన పదకొండు మిషన్లూ ఒక్కొక్కటిగా విప్పడం మొదలుపెట్టారు. ఫోర్మన్ బల్లకు ఆనుకుని, "వెతకండి వెతకండి, లోపల పైలట్ కూడా దొరుకుతాడేమో" అన్నాడు. ఓనరు అరవడానికే మెట్లు దిగి వచ్చాడు.

ఎనిమిదో మిషన్లో ఫ్యాను వెనకాల ఇనప ముక్క దొరికింది. అది అలెన్ కీ కాదు. రంగుడబ్బా కాలం నాటి బిట్టు, స్క్రూడ్రైవరు కొసకు తగిలించే ముక్క. గతేడాది ఆ మిషన్ రిపేరు చేసింది ఫోర్మనే. ఏళ్ళ తరబడి లెక్కే లేనిచోట అది పోయినట్టు ఎవరికీ తెలియదు. ఓనరు మొహంలో నెత్తురు చుక్క లేదు. విమానం గారి రెండు చేతులూ పట్టుకుని, "రేపు పొద్దున్నే ఉత్తరం మీ చేతిలో ఉంటుంది" అన్నాడు. "కానీ అలెన్ కీ?" అంటే, "ఇది దొరికిందిగా! అది పోతే పోయింది" అన్నాడు. ఒకటి పోతే ఇంకొకటి దొరికిందని సరిపెట్టుకోవడం! విమానం గారు పళ్ళు నూరుకుంటూ మిగిలిన మూడూ విప్పి చూశారు. అది లేదు.

చీకటి పడ్డాక ఇల్లు చేరి, మంచినీళ్ళకని వంటగదిలోకి వెళ్ళారు. గోడమీద ఒక్క గీత కూడా ఖాళీగా లేదు.

"ఇదెక్కడిది?"

"మీ చొక్కా జేబులోదే. ఉతకబోతే చేతికి తగిలింది" అంది భార్య. "ఖాళీ గీత కనబడకూడదని రోజూ నా ప్రాణం తీస్తారుగా. గీతలో పెడితే అచ్చంగా సరిపోయింది. ఇక మా తమ్ముణ్ణి వదిలేయండి."

మధ్యాహ్నం అందరి జేబులూ తడిమి, తన జేబు తడమకుండా గుమ్మం దాటిన సంగతి విమానం గారికి గుర్తొచ్చింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. సంగతంతా విన్నాక భార్య గొంతు తగ్గించింది.

"రేపు అందరికంటే ముందెళ్ళి తగిలించేయండి. ఎవరైనా అడిగితే బల్ల కింద దొరికిందనండి."

"అబద్ధం చెప్పమంటావా?"

"రెండు ఉద్యోగాలు నిజం చెప్పే పోగొట్టుకున్నారు. ఈ ఒక్కటి అబద్ధంతో నిలబెట్టండి."

మర్నాడు తలుపు తీసేసరికే వెళ్ళి తగిలించారు. ఇక ఎవరు అడుగుతారా అని ఎదురుచూశారు. అడిగితే నిజం చెబుతారో అబద్ధం చెబుతారో ఆయనకే తెలియదు. మెకానిక్కులు వచ్చి నిన్నటి బిట్టు సంగతికి 'శభాష్ సార్' అన్నారు. ఎవరూ అడగలేదు. ఫోర్మన్ ఈలవేసుకుంటూ వచ్చాడు. బోర్డు మీద అదే అలెన్ కీ తీసి, మర బిగించుకుని, మళ్ళీ తగిలించి పోయాడు. నిన్న పదకొండు మిషన్లు విప్పించిన వస్తువు అదేనన్న ఆలోచన వాడి బుర్రలోకే రాలేదు. ఇలాంటి మనుషులకు నిజం చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే అనుకున్నారు విమానం గారు. ఆయన అసహ్యానికి ఆ ఉదయం మంచి మేత దొరికింది.

అప్పుడు చీపురు పట్టుకుని ప్యాకింగ్ అక్క వచ్చి బోర్డు ముందు ఆగింది.

"దొరికిందా సార్? ఎక్కడ?"

"బల్ల కింద."

"ఏ బల్ల?"

"మధ్యది."

"మూడు బల్లల కిందా నిన్న రెండుసార్లు ఊడ్చాను సార్. ఊడ్చిన దుమ్ము కూడా చేత్తో జల్లించి చూశాను" అంది. ఎగతాళి లేదు. తన పని తాను చేసిన మనిషి మాట అది.

ఆ చీపురు మనిషి ముందు విమానం గారికి అబద్ధం నిలబడలేదు. "మా ఇంట్లో. నా జేబులో వెళ్ళింది" అన్నారు.

"చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారన్నమాట. మా సంచులతో సహా" అందామె. "మా జేబులు మీరు చూస్తారు. మీ జేబు ఎవరు చూస్తారు సార్?" అని అడిగింది.

చూడాల్సినవాళ్ళ కోసమే ఆ రెండో గడి. దాన్ని ఆరు నెలలు ఖాళీగా ఉంచింది ఆయనే. విమానం గారు రిజిస్టరు తెరిచి, 'అలెన్ కీ నా ఇంటి వంటగదిలో దొరికింది. తప్పు నాది' అని రాసి, సంతకం పెట్టి, కలం ఆమె వైపు చాచారు.

ఆమె కలం తీసుకోలేదు. "ఉండండి, లెక్కపెట్టనివ్వండి" అని చీపురు గోడకు ఆనించింది. ఒక్కొక్క పనిముట్టునూ వేలితో తాకుతూ నలభై రెండు దాకా లెక్కపెట్టింది. ఆయన రాసింది కూడబలుక్కుని చదివింది. అప్పుడు సంతకం పెట్టింది.

ఆ పేజీ తెరిచి విమానం గారు ఓనరు ముందు పెట్టారు. ఓనరు చదివి, కుర్చీ కిర్రుమనేలా నవ్వి, ఫోర్మన్ను పిలిచి చదివించాడు. ఇద్దరూ కలిసి నవ్వారు. "ఇంట్లో పెట్టుకుని మా లారీ ఆపారా? ఇంకో మూడు నెలలు చూద్దాం లెండి" అని ఉత్తరం సొరుగులోకి తోసేశాడు. ఊపిరి మిషన్లో బిట్టు వదిలేసిన ఫోర్మన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. విమానం గారు ఆ ఇద్దరి వంకా చూసి, నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగి, బయటికొచ్చారు.

భార్యకు ఫోన్ చేసి సంగతి చెప్పారు. "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని తెలియదా మీకు?" అందామె. మళ్ళీ తనే, "సరే, అన్నానికి రండి. చొక్కా మార్చను లెండి" అంది.

భోజనాల వేళయింది. అలవాటు ప్రకారం ఆయన గుమ్మంలో నిలబడ్డారు. వరసలో మొదట ప్యాకింగ్ అక్క ఉంది. సంచి తెరవకుండా ఎదురుగా ఆగింది.

"ముందు మీవి, సార్."

వెనకాల మెకానిక్కులు కిసుక్కున నవ్వారు. విమానం గారు ప్యాంటు జేబులు రెండూ బయటికి లాగి చూపించారు. చేతిరుమాలు, ఇంటి తాళంచెవి. ఆమె చూసింది. దారి మాత్రం ఇవ్వలేదు.

"చొక్కాది కూడా."