కారు తాగిన నీళ్లు

మా ఇంట్లో నీళ్లకి కొలత ఉంది. అన్నకి రోజు మొత్తానికి అర లీటరు. టీ, మజ్జిగ, పులుసు అన్నీ అందులోనే. వదిన ఒక స్టీలు చెంబు మీద మేకుతో గీత గీసి పెట్టింది. ఆ గీత దాటి నాలుగు గుటకలు దిగితే చాలు, పలాస ఆసుపత్రిలో బరువు తూచే మిషను చెప్పేస్తుంది. అలాంటి ఇంట్లో ఒక కారు రోజుకి లీటరున్నర తాగేసి, కింద ఒక్క చుక్క కూడా కార్చకుండా ఏమీ ఎరగనట్టు నిలబడితే మనిషికి ఒళ్లు మండదా? నాకు మండింది. నెల రోజులు మండుతూనే ఉంది.

కారు అన్నదే. కొబ్బరికి ధర బాగున్న ఏడాది టెక్కలిలో సెకండ్ హ్యాండుది కొన్నాడు. పాత డీజిల్ బండి. ఏసీ కొన్న ఏడాదికే పోయింది, బాగు చేయించలేదు. అయినా అన్నకి అదంటే ఎంత భక్తో, పూజ చేయించిన రోజు నుంచీ చెప్పులు విప్పిగాని ఎక్కడు. రెండేళ్లు తిరక్కుండానే ఆయన కిడ్నీలు పోయాయి. ఉద్దానంలో మా అక్కుపల్లి వైపు ఆ మాట ఇంటింటా వినబడేదే కాబట్టి ఏడుస్తూ కూర్చోలేదు. ఎడమ చెయ్యి డయాలసిస్ సూదులకి ఇచ్చేశాక, ఆ చేత్తో గేర్లు లాగొద్దన్నారు. దాంతో స్టీరింగు నా మెడకి చుట్టుకుంది. సాయంత్రాలు పిల్లలకి ట్యూషన్లు చెప్పుకునేదాన్ని, నలభై రెండేళ్ల వయసులో జీడి తోటల మధ్య దారిలో బండి నేర్చుకున్నాను.

వారానికి మూడు రోజులు పొద్దున్న ఏడింటికల్లా పలాసలో ఉండాలి. నాలుగు గంటలు మిషను మీద ఉంటే ఒంట్లో చేరిన నీళ్లు లాగేస్తారు. ఆ వేళకి మా ఊరి నుంచి బస్సు లేదు. ఒకసారి ఆటోలో వెళ్తే, తిరిగొచ్చేటప్పుడు కుదుపులకి అన్న కళ్లు తిరిగి పడిపోయాడు. కాబట్టి మాకు లెక్క సూటిగా ఉండేది: ఆ కారు ఆగితే అన్న ఒంట్లో నీళ్లు ఆగిపోతాయి.

మొదటిసారి దారిలో ఇంజిన్ వేడి చూపించే సూది ఎర్ర గీత ఎక్కినప్పుడు జీడి చెట్టు నీడన ఆపి, బానెట్ ఎత్తి, ఏం చూడాలో తెలియక చూస్తూ నిలబడ్డాను. వేడి మీద మూత తియ్యకూడదని మాత్రం తెలుసు. చల్లారేదాకా ఆగి, రెండు సీసాల నీళ్లు పోసి, పలాస చేరేసరికి గంట ఆలస్యం. ఆ గంటలో దారినపోయేవాళ్లు ఇచ్చిన సలహాలకి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఎవడికి తోచింది వాడు చెప్పాడు. ఒకడు ఫ్యానన్నాడు, ఒకడు పైపన్నాడు, ఒకడు ఆడవాళ్లు క్లచ్చి మీద కాలు తియ్యరు కాబట్టి ఇంతే అన్నాడు. ఆ మూడోవాడి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

మా రోడ్డు మీది మెకానిక్కు రేడియేటర్ మూత మార్చాడు. వారం తర్వాత పైపు మార్చాడు. ఇంకో వారానికి పైపు బిగించే క్లిప్పులు మార్చాడు. "కూలెంటు పొయ్యాలా?" అని అడిగితే, "ఎందుకమ్మా దండగ, ఒట్టి నీళ్లే సాలు" అన్నాడు. సరే, నీళ్లే పోశాను. మా వైపు బోరు నీళ్లంటే భయం, తాగడానికి డబ్బా నీళ్లే కొంటాం. నేను కారుకీ అవే పోశాను. "బోరు నీళ్లు పోత్తే దానికీ కిడ్నీలు పోతాయని దీని బయ్యం" అని అన్న వదినతో చెప్పి నవ్వాడు. రెండు లీటర్ల సీసా ఒకటి నింపి అన్న కాళ్ల దగ్గర పెట్టేదాన్ని, దారిలో అవసరమైతే అందుకోడానికి. ఇప్పుడు తలుచుకుంటే, దాహంతో నాలుక పిడచగట్టుకుపోయిన మనిషి కాళ్ల దగ్గర నిండు సీసా పెట్టినదాన్ని నేను.

ఇంకోసారి కూడా దారిలో ఆగి గంట ఆలస్యంగా చేరాం. దాని తర్వాతిసారి పలాసలో అన్నని దింపి తలుపు వెయ్యబోతే, ఆయన కూర్చున్న చోట మ్యాటు తడిగా ఉంది. చెయ్యి పెట్టి చూశాను. మంచి నీళ్లే, రంగూ వాసనా లేవు. సీసా మూత వదులుగా ఉంది. ఆవేళే నర్సు బరువు చూసి, రెండున్నర కిలోలు ఎక్కువొచ్చిందని కార్డు మీద రాసింది.

ఇంకేం కావాలి నాకు? కిడ్నీ మనిషి ఉన్న ఇంట్లో తడి కనిపిస్తే ఎవరైనా మొదట అనుకునేది ఒకటే. మా వీధిలో ఒకాయన స్నానాల గదిలో చెంబెత్తి తాగేస్తూ దొరికాడు. ఇంకొకాయన పూలకుండీకి పోసిన నీళ్లు తాగాడు. మావాడూ మొదలుపెట్టాడనుకున్నాను.

తిరుగు దారంతా తిట్టాను. ఎవరి కోసం తెల్లవారకుండా లేస్తున్నాను, ఎవరి కోసం ఈ డబ్బా బండితో యుద్ధం చేస్తున్నాను, నువ్వు ఇక్కడ దొంగతనంగా తాగుతుంటే అక్కడ వాళ్లు లాగడం ఎందుకు, ఇలాంటివన్నీ. అన్న కిటికీలోంచి చూస్తూ విన్నాడు.

"నాను తాగనేదే" అన్నాడు చివరికి.

"మరి బరువెలా పెరిగింది?"

దానికి జవాబు చెప్పలేదు. చెప్పలేదు కాబట్టి నిజమేననుకున్నాను.

సీసా డిక్కీలోకి మార్చాను. మర్నాడు కాక ఆ మర్నాడు మళ్లీ మ్యాటు తడి. "కింద సెమ్మగా ఉన్నాదే, సూడు" అని అన్నే చూపించాడు. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టుందనుకున్నాను. రోగం వచ్చాక ఆయన పాదాలకి స్పర్శ తగ్గిపోయింది, అయినా తడి తెలిసిందంటే ఎంత ఒంపుకున్నాడో అని కూడా అనుకున్నాను. ఆసుపత్రి ముందు, ఆటోవాళ్లు చూస్తుండగా, ఆయన సంచీ తీసి లోపలున్న తువ్వాలు, లుంగీ, బిస్కెట్ పొట్లం బానెట్ మీద పరిచి వెతికాను. సీసా లేదు. అన్న రెండు చేతులూ కాస్త ఎత్తి నిలబడ్డాడు, నడుం దగ్గర కూడా చూసుకోమన్నట్టు. నేను చూశాను కూడా.

ఈలోగా కారు దాహం దానిదే. టెక్కలిలో పెద్ద షెడ్డు ఉందంటే తీసుకెళ్లాను. అక్కడి మెకానిక్కు ఇంజిన్ స్టార్ట్ చేయించి, సైలెన్సర్లోంచి వస్తున్న తెల్ల పొగ చూసి, రెండు నిమిషాల్లో తేల్చేశాడు.

"హెడ్ గ్యాస్కెట్ పోనాదమ్మా."

ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఒక పలచటి సీలు ఉంటుందట. అది కాలితే నీళ్లు ఇంజిన్ లోపలికి పోయి, ఆవిరై, పొగలో కలిసిపోతాయట. అందుకే చుక్క కూడా కింద కనబడదు. హెడ్ దింపాలి, చదును చేయించడానికి పంపాలి, పది రోజులు పడుతుంది. పది రోజులంటే నాలుగు డయాలసిస్‌లు. నేను ఆ పొగ వైపు చూస్తూ, పోనీ ఇంకేమైనా చూసి చెప్పు బాబూ అని బతిమాలాను. "నీళ్లు కింద కారకపోతే ఇంకెక్కడికి పోతాయమ్మా? లోపలికే" అన్నాడు. బండిలో తడి సంగతి ఆయనకి చెప్పలేదు. చెప్పడం ఎందుకు, అది మా అన్న దొంగతనం, ఇంటి గుట్టు. అద్దాలు పొద్దున్నే మసకబారుతున్నాయని కూడా చెప్పలేదు. సముద్రపు మంచనుకుని రోజూ కొంగుతో తుడుచుకుంటున్నాను కదా.

హెడ్ దింపించే ధైర్యం లేక వెనక్కి తెచ్చేశాను. నందిగాం దాటాక టీ కోసం ఆగితే, ఒక లారీ డ్రైవరు రేడియేటర్లో పిడికెడు పసుపు వెయ్యమన్నాడు, చిన్న చిల్లులు పూడుకుంటాయట. పిచ్చి కుదిరింది, తలకి రోకలి చుట్టమన్నట్టుంది నా పని. మర్నాడు బయల్దేరేముందు వదిన డబ్బాలోంచి పసుపు తీసి, నీళ్లలో కలిపి, రేడియేటర్లో పోసేశాను. "కూరొండుతున్నావేటి దానిలో?" అంది వదిన. మూత బిగించి బండి తీశాను.

ఆ రోజు దారిలో ఆగకుండానే పలాస చేరాం. పసుపు మహిమేనని లోలోపల మురిశాను కూడా. అన్న వెళ్లి మంచం ఎక్కాడు. నేను కార్డు ఇచ్చి వచ్చేసరికి నర్సు మంచం కాళ్ల వైపు నిలబడి నవ్వుతోంది.

"ఏటన్నయ్యా, పెళ్లికూతురిలాగ కాళ్లకి పసుపెట్టుకొచ్చినావు?"

చూశాను. కుడి అరికాలంతా పసుపు. పంచె అంచు పసుపు. ఎడమ కాలి వేళ్ల సందుల్లో పసుపు.

అన్న తన కాళ్లు తాను చూసుకోలేక తల కొంచెం ఎత్తి, నా ముఖం చూశాడు. నర్సు బరువు రాసుకుంటూ మామూలుగా అంది: "ఈయాల బాగున్నాది. అప్పుడు మీరు ఆలీసెంగా వొచ్చినారు కదా, మూడు గంటలే ఎట్టినాం, ఆ నీళ్లు ఒంట్లోనే ఉండిపోనాయి. అందుకే తరవాతసారి రెండున్నర కిలోలు సూపించింది. మీ అన్నకి ఆ రోజే సెప్పినాను."

కిందికి పరిగెత్తాను. ముందు సీటు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, డాష్‌బోర్డు అడుగున చెయ్యి పెట్టాను. గోరువెచ్చని చుక్క వేలి మీద పడింది. కాసేపటికి ఇంకొకటి.

పలాసలోనే ఒక ముసలి మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ముందు రేడియేటర్ చూసి, పసుపు పోసిన మహాతల్లి ఎవరని అడిగాడు. నేనేనన్నాను. కడగడానికే గంట పడుతుందన్నాడు. ఇంజిన్ చల్లారేదాకా ఆగి, మూత తీసి, స్టార్ట్ చేయించి నీళ్ల వైపు చూశాడు. గ్యాస్కెట్ పోతే బుడగలు వస్తాయట, లేవు. ఇంజిన్ ఆయిల్ పుల్ల లాగి గుడ్డకి తుడిచి చూపించాడు. నీళ్లు కలిస్తే ఆయిలు పాల టీ రంగుకొస్తుందట, ఇది నల్లగానే ఉంది. తెల్ల పొగ పొద్దుటి చలికి ఏ బండికైనా వస్తుందట. గ్యాస్కెట్ శుభ్రంగా ఉంది.

"మరి?"

"డాష్‌బోర్డు ఎనక హీటరు కారతన్నాది."

"ఉద్దానంలో హీటరెవరికి కావాలి? మేమెప్పుడూ వెయ్యనేలేదు."

"మీకక్కర్నేదు. అది కారుకి తెల్దు కదమ్మా. ఏసినా ఏకపోయినా నీళ్లు దానిలోంచే తిరుగుతాయి." మ్యాటు ఎత్తి, కింద నానిపోయిన తివాచీ పిండి చూపించాడు. "ఇంత తడుంటే ఎవులికీ సెప్పనేదా? కూలెంటు పోసుంటే ఆ రంగుకే తెలిసిపోను. ఒట్టి నీళ్లు కాబట్టి ఇన్నాళ్లు దాక్కున్నాది."

హీటరుకి వెళ్లే రెండు పైపులూ తీసి, ఒకదానికొకటి కలిపి బిగించేశాడు. అంతే. గోటితో పోయేదానికి గొడ్డలి పట్టుకుని టెక్కలి దాకా తిరిగాను. నా మీద నాకు వచ్చినంత కోపం ఆ రోజు ఏ మెకానిక్కు మీదా రాలేదు.

పదకొండున్నరకి అన్న బయటికొచ్చాడు. చెప్పులు విప్పి, చేత్తో పట్టుకుని, పొడి మ్యాటు మీద కాళ్లు పెట్టాడు. నేను డిక్కీ తెరిచి, దాచిన నీళ్ల సీసా తెచ్చి మళ్లీ ఆయన కాళ్ల దగ్గర పెట్టాను. ఇంకేం చెయ్యాలో నాకు తెలియలేదు.

"తప్పు నాదే అన్నా" అన్నాను, రైల్వే గేటు దాటాక.

"ఒగ్గీ, అయిపోనాది కదా."

"నర్సు చెప్పిందట కదా, ఆలస్యం వల్లే బరువు పెరిగిందని. నాకెందుకు చెప్పలేదు?"

"సెప్తే, నీ బండి తోలడం వల్లేననుకుని ఏడుత్తావని ఒగ్గీసినాను."

మా జీడి తోటల దారిలోకి తిరిగాం. గతుకుల్లో సీసా పడిపోకుండా అన్న దాన్ని రెండు పాదాల మధ్య పట్టుకున్నాడు. పాదాలకి పసుపు ఇంకా ఉంది. ఊరి మలుపు దగ్గర ఆ సీసా వైపే చూస్తూ అన్నాడు:

"ఎలాగూ అన్ని తిట్లు తిన్నాను కదే. ఓ రెండు గుటకలు తాగీసినా బాగున్ను."